పళ్ళెం తిప్పే చెయ్యి

జనవరి నెలాఖరుకు నా థీసిస్ అందకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుందని యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. 2003 డిసెంబరు మొదటి శనివారం, ఏలూరులో నేను పాఠాలు చెప్పే కాలేజీ ఖాళీ అయ్యాక, జువాలజీ ల్యాబ్‌లో ఒంటరిగా కూర్చుని ఆ ఉత్తరాన్ని మూడోసారి చదివి మడిచిపెట్టాను. భయమేమీ వెయ్యలేదు. అధ్యాయాలన్నీ టైపయ్యాయి. చివర జతచెయ్యాల్సిన పట్టిక ఒక్కటే మిగిలింది. ఆ పట్టికలోకి ఎక్కాల్సిన పురుగులు నా ఎదురుగానే ఉన్నాయి. చిన్న చిన్న గాజు సీసాల్లో, ఆల్కహాల్‌లో, మొత్తం రెండు వందల పన్నెండు లార్వాలు.

వాటిని రెండేళ్ళ కిందట హిమాచల్‌లోని ఒక వాగు నుంచి తెచ్చాను. ఒక జనవరి నెలంతా మోకాలి లోతు నీళ్ళలో రాళ్ళు తిరగేస్తూ గడిపాను. వేళ్ళు మొద్దుబారి, చేతిలో వల ఉందో జారిపోయిందో చూసుకుంటే తప్ప తెలిసేది కాదు. ఒక ఉదయం ఒడ్డున మంచు మీద నల్లటి నలక ఒకటి కదిలింది. వంగి చూస్తే పురుగు. వేలి గోరంత కూడా లేదు. రెక్కలు వీపు మీద మడిచిపెట్టుకుని, ఏదో పని మీద పోతున్నట్టు నిదానంగా నడుస్తోంది. తక్కిన పురుగులన్నీ ఎండ కోసం దాక్కుని ఎదురుచూసే కాలంలో ఇది నీళ్ళలోంచి బయటికి వస్తుంది. శీతకాలపు స్టోన్‌ఫ్లై అంటారు దాన్ని.

చాలాసేపు దాని పక్కనే గొంతుక్కూర్చున్నాను. నాకు మనుషులతో త్వరగా చనువు కుదరదు. తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివిన మూడేళ్ళూ బెంచీ చివర ఒక్కదాన్నే కూర్చున్నాను. ఎవరూ లేని కాలాన్ని ఏరి తెచ్చుకుని అందులో హాయిగా నడుస్తున్న ఆ ప్రాణి మీద నాకు కలిగినది ఆసక్తి అని నోటుబుక్కులో రాసుకున్నాను. అంతకన్నా ఎక్కువే అయివుండాలి. ఎందుకంటే ఆ వాగులో నా వలకు చిక్కిన లార్వాలన్నీ దాని పిల్లలేనని ఆ రోజే నమ్మేశాను. నమ్ముతున్నానని నాకు తెలియదు. గుర్తుపట్టాననే అనుకున్నాను.

గుర్తుపట్టే పద్ధతి పుస్తకంలో స్పష్టంగానే ఉంది. రెండు తోకలుండాలి. పాదానికి రెండేసి గోళ్ళుండాలి. పొట్ట పక్కన మొప్పలు ఉండకూడదు. ఇంతవరకు సులువు. కానీ వీటిని అచ్చుగుద్దినట్టుండే మరో కుటుంబం ఉంది, అవీ అవే రాళ్ళ కింద బతుకుతాయి. రెండింటికీ తేడా పొట్ట పక్కన ఉండే సన్నటి మడత. పొట్టలో ఖండాలు పది. శీతకాలపు వాటికి ఆ మడత మొదటి ఖండం నుంచి తొమ్మిదో ఖండం దాకా సాగుతుంది. రెండోరకానికి ఏడో ఖండం దాటదు, కొన్నిటికి ఇంకా ముందే ఆగిపోతుంది. మొదటి పది లార్వాలనూ మైక్రోస్కోపు కింద వెల్లకిలా పడుకోబెట్టి లెక్కపెట్టాను. తొమ్మిది. తర్వాత వాటికి కూడా తొమ్మిదే కనపడుతూ వచ్చింది. ఆ వాగు శీతకాలపు స్టోన్‌ఫ్లైల రాజ్యమని నా థీసిస్ మొత్తం ఆ తొమ్మిది మీదే నిలబెట్టాను.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

"ఏవండీ, జువాలజీ మేడంగారు మీరేనాండీ?"

యాభై ఏళ్ళ మనిషి, తెల్లచొక్కా, చెప్పులు బయటే వదిలేసి వచ్చాడు. వెనక ఒకావిడ పచ్చడి సీసా ఒకటి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"నా పేరు తాతాజీ అండి. కలిదిండి దగ్గర మాకు నర్సరీ చెరువులున్నాయి. చేపసీడు పెంచి రైతులకిస్తాం. ఈవిడ రూతమ్మ, మా దగ్గరే పని. మూడుసార్లు స్పాన్ వదిలామండీ, పది రోజులకి వల లాగితే సగం కూడా రావట్లేదు. నీళ్ళలో ఏదో తినేస్తుంది. సబ్బు, నూనె కలిపి కొట్టించాం కూడాను. మీరు పురుగుల మీద చదువుతున్నారని ఎవరో చెబితే వచ్చాం."

స్పాన్ అంటే గుడ్డులోంచి వచ్చి మూడు రోజులైన చేపపిల్లలు. ఒక్కొక్కటి కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది. సీసాలోది ట్రేలో ఒంపాను. మూడు తోకలూ, పొట్ట పక్కన ఆకుల్లాంటి మొప్పలూ ఉన్నవి కొన్ని. వాటిని పక్కకు నెట్టి, ఇవి పాచి తిని బతుకుతాయి, చేపలకే మేత అన్నాను. బురదరంగులో పొట్టిగా, వెడల్పుగా ఉన్నదాన్ని సూదితో తిప్పాను. ముఖం కింద మడిచిపెట్టుకున్న పెదవిని పట్టి లాగితే అది చెయ్యి చాపినట్టు ముందుకు వచ్చింది.

"దీంతోనే పట్టుకుంటుందండీ. తూనీగ పిల్ల ఇది. మీ సబ్బు నూనె గాలి కోసం పైకి తేలే పురుగుల్ని చంపుతుంది. ఇది పైకి రాదు, అడుగునే ఊపిరి పీల్చుకుంటుంది. నీళ్ళు పెట్టి రోజుల తరబడి ఉంచకుండా, కొత్త నీళ్ళలో వెంటనే స్పాన్ వదలండి. తూనీగ గుడ్లు పెట్టే వ్యవధి ఇవ్వకండి. తూముకి సన్న వల కట్టండి."

"తూనీగాండీ!" తాతాజీ నోరు తెరిచాడు. "చిన్నప్పుడు తోకలకి దారాలు కట్టి ఎగరేసేవాళ్ళం. ఆ కసి ఇప్పుడు తీర్చుకుంటున్నట్టుంది."

"దారం కట్టింది మీరు. మధ్యలో చేపపిల్లలేం చేశాయండీ?" అంది రూతమ్మ. "అయినా ఆ పొట్టిదే తింటుందని నేను మొన్నే చెప్పానా లేదా? ఆ కడుపు ఇంకదేనికైనా ఉందా?"

"చెప్పావు, చెప్పావు. చదువుకున్నోళ్ళు చెబితే ఇంకోలా ఉంటది కదా అని తెచ్చాను."

ఆమె నవ్వింది. ఆమె చూపు అప్పటికే బల్ల మీదున్న నా ట్రే మీద పడింది. అందులో ఒక సీసాడు లార్వాలు పోసి ఉన్నాయి.

"ఇవెక్కడివండీ?"

"హిమాలయాల నుంచి. మంచు కరిగిన వాగుల్లోవి."

"అమ్మో, చలికి చచ్చిపోవాండీ?"

"చలి ఉంటేనే వీటికి బాగుంటుంది."

"రెండు రకాలకీనా?"

"ఒకటే రకమండీ," అన్నాను.

ఆమె మళ్ళీ ట్రేలోకి చూసింది. తలెత్తి నా ముఖంలోకి చూసింది. "అలాగేనండి," అంది.

తాతాజీ నొచ్చుకున్నాడు. "ఊరుకో రూతమ్మా, మేడంగారు డాక్టరేటు చేస్తున్నారు. ఏమనుకోకండి, మా రూతమ్మ కళ్ళబడితే చేపపిల్ల ఇంటిపేరు చెప్పి తీరాల్సిందేనండి. అలవాటైపోయింది."

"ఏం చూసి రెండన్నారు?" అని అడిగాను.

"ఏం లేదండి. కొన్ని పైనుంచి కిందిదాకా ఈనెపుల్లలా ఒకటే లావున్నాయి. కొన్నిటికి వెనకవైపు కాస్త ఒళ్ళుంది. చచ్చినవి కదా, నాని ఉబ్బుంటాయిలెండి."

ఆ చివరి మాట ఆమె నమ్మి అనలేదు, నా కోసం అంది. నేను వెనక్కి తగ్గడానికి ఒక దారి తీసి పెట్టింది. వాళ్ళు వెళ్ళిపోయాక నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆ మర్యాదే.

ఆదివారం పొద్దున్నే మళ్ళీ ల్యాబ్ తెరిచాను. ఒక్కో లార్వానూ లెన్స్ కిందకి తెచ్చి మడత ఎన్నో ఖండం దాకా ఉందో లెక్కపెట్టాను. తొమ్మిది. ఇంకొకటి తెచ్చాను. తొమ్మిది. రూతమ్మ మాట గుర్తు తెచ్చుకుని అదే లార్వాను మళ్ళీ చూశాను. ఏడు. కళ్ళు తుడుచుకుని చూస్తే తొమ్మిది. తరగతిలో పిల్లలకు కన్ను నిర్మాణం పాఠం చెప్పేటప్పుడు, బొమ్మ కంటి వెనక తయారవుతుందని బల్లగుద్ది చెప్పేదాన్ని. ఆ వెనక ఎవరు కూర్చుని ఉన్నారో ఎన్నడూ అడగలేదు. నాకిప్పుడు రెండే తెలుసు. మంచు మీద నడిచిన పురుగు కావాలనుకున్నప్పుడు తొమ్మిది కనపడుతోంది. రూతమ్మ మాటకి భయం వేసినప్పుడు ఏడు కనపడుతోంది. లార్వా మటుకు వెల్లకిలా అలాగే పడుకుని ఉంది.

బుధవారం సెలవు పెట్టి మొదటి బస్సెక్కాను. సీసాలన్నీ గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. కైకలూరులో దిగి కలిదిండి బస్సు మారాను. చెరువు గట్టు చేరేసరికి ఇంకా ఎండ రాలేదు. సీడు తీసుకెళ్ళడానికి వచ్చిన వ్యాను ఒకటి ఆగి ఉంది. ప్లాస్టిక్ సంచుల్లో నీళ్ళు, పిల్లలు, పైన ఆక్సిజన్ నింపి మూతులు బిగిస్తున్నారు. తాతాజీ నన్ను చూసి చేతిలో సంచి కింద పెట్టేశాడు.

"ఏమైందండీ? తూనీగలేనా ఇంకా ఏమన్నానా?"

"మీ పని కాదండీ. నా పని మీద వచ్చాను. రూతమ్మగారితో."

"చూశావా రూతమ్మా, నీ కోసం ఏలూరు నుంచి లెక్చరర్లు వస్తున్నారు. రేపట్నుంచి నాతో మాట్లాడతావో మాట్లాడవో!"

"మీరు ముందు ఆ సంచి మూతి కట్టండి, పిల్లలు ఊపిరాడక చస్తాయి," అంది రూతమ్మ, తలెత్తకుండా.

ఆమె గట్టు మీద పీట వేసుకుని కూర్చుంది. ముందు తెల్లటి ఎనామిల్ పళ్ళెం. వలలోంచి గిన్నెతో తీసిన పిల్లల్ని అందులో పోసి, పళ్ళేన్ని రెండు చేతులతో పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. తిప్పడమంటే తిప్పడం కాదు. మణికట్లు కదిలీ కదలనట్టు, పాలగిన్నెను తొణక్కుండా దించినట్టు. నీళ్ళు సుడి తిరిగాయి. పిల్లలు సుడిలో కొట్టుకుపోతూ ఒక క్షణం పక్కకు ఒరిగాయి. ఆ ఒక్క క్షణంలో ఆమె బాతు ఈక కొసతో రెండింటిని పక్క గిన్నెలోకి నెట్టింది. మళ్ళీ తిప్పింది. నేను చూస్తుండగానే పళ్ళెంలో ఒకటే రకం మిగిలింది.

"ఎలా పట్టుకుంటున్నారు?"

"బొచ్చెకి తల పెద్దదండి. శీలావతికి తోక మొదట్లో నల్లగా ఉంటుంది. మోసు చేపకీ అక్కడే మచ్చ, కాపోతే దాని మచ్చకి మూలలుంటాయి. ఇవన్నీ అందరికీ తెలిసినవే. పైనుంచి చూస్తే అన్నీ గీతలేనండి. పక్కకి తిరిగినప్పుడే చూడాలి."

"అవి తిరగడం ఒక్క క్షణమే కదా."

"ఒక్కసారే కాదుగా, తిప్పినప్పుడల్లా తిరుగుతాయి. మనం పిల్ల వెంట పడకూడదండీ. నీళ్ళని చూస్తా ఉండాలి. అది తనే వచ్చి చూపిస్తుంది."

ముప్ఫై ఏళ్ళుగా పొద్దున్నే చేస్తున్న పనిని ఆమె గొప్ప అనుకోవడం లేదు. నేను పన్నెండేళ్ళుగా నేర్చుకున్నదల్లా పురుగును కదలకుండా పెట్టడం. గుచ్చడం, నొక్కడం, వెల్లకిలా పరచడం. కదలనిదాన్నే నిజంగా చూడగలమని నాకు నేర్పారు. ఆమె కదిలించి చూస్తోంది. ఆ మణికట్ల వంక చూస్తూ నేను వచ్చిన పని కాసేపు మరిచిపోయాను.

వ్యాను కదిలాక ఆమె పళ్ళెం కడిగి, వడగట్టిన నీళ్ళు పోసింది. మొదటి సీసా అందులో ఒంపాను.

"ఇదేంటండీ, సారా వాసనొస్తుంది! మీ పురుగులు తాగి పడిపోయాయా?"

"తాగించి నేనే పడేశాను," అన్నాను. ఆమెతో పాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె పళ్ళెం తిప్పింది. చచ్చిన లార్వాలు సుడిలో దొర్లాయి. నీళ్ళు పీల్చుకుని మెల్లగా ఒళ్ళు విప్పాయి. ఈక కొస కదలడం మొదలెట్టింది. సన్నగా, ఒకటే లావున్నవి ఒక గిన్నెలోకి. వెనకవైపు వెడల్పైనవి ఇంకో గిన్నెలోకి. నా దగ్గరున్న చేతి లెన్స్ ఆమెకిచ్చి, పొట్ట పక్కన ఏముందో చూడమన్నాను. కావాలనే ఇంకేమీ చెప్పలేదు.

ఆమె ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. "జాకెట్టుకి పక్క కుట్టులాగా ఉందండి. ఈ ఒళ్ళున్నదానికి చివరిదాకా వేశారు, ఒక్క ముక్క మిగిలింది. ఈ పుల్లకి మధ్యలోనే ఆపేశారు. దారం చాల్లేదేమో."

లెన్స్ తీసుకున్నాను. ఆమె పళ్ళెం తిప్పింది. సన్నటి లార్వా ఒకటి ఒరిగింది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి మడత మెరిసింది. ఐదు, ఆరు, అక్కడే ఆగింది. మళ్ళీ తిప్పమన్నాను. మళ్ళీ ఆరే. కోరుకున్నా, భయపడినా ఆరే. నా థీసిస్ నిలబడ్డ తొమ్మిది పోయింది. వెంటనే, ఎందుకో, మనసుకు చల్లగా కూడా అనిపించింది.

అయినా పరీక్ష పెట్టకుండా ఒప్పుకోలేను, అది నా వృత్తి. ఆమెను టీ తాగి రమ్మని పంపి, రెండు గిన్నెల్లోంచి పదేసి తీసి, గుంటల ట్రేలో కలిపిపెట్టి, ఏ గుంటలోది ఏ గిన్నెదో కాగితం మీద రాసుకున్నాను. ఆమె వచ్చి ఒక్కోదాన్నీ పళ్ళెంలో తిప్పి చూసింది. పద్దెనిమిదింటిని మొదట పెట్టిన చోటే పెట్టింది. రెండింటి దగ్గర ఈక ఆగిపోయింది.

"ఇంకో గిన్నె ఇవ్వండి."

"ఎందుకు? ఇందాక వీటిని ఇటు పెట్టారు కదా?"

"ఇందాక తొందరపడ్డానండి. ఇవి నాకు తెలీట్లేదు." నా ముఖం చూసి కొనసాగించింది. "రెండేళ్ళ కిందట ఆకివీడు రైతొకాయనకి సీడు పంపుతున్నాం. పిల్లల్లో నాలుగైదు మీద నాకు అనుమానం వచ్చింది. వ్యానువాడు హారన్ కొడుతున్నాడు. శీలావతేలే అని సంచిలో పోసేశా. కొర్రమీనులండి. వాటి నోటికి మిగతావి ఆగుతాయా? ఆయన మళ్ళీ మా దగ్గరికి రాలేదు, ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. అప్పట్నుంచి తెలీనివి ఏ సంచిలోనూ పొయ్యను."

"మరేం చేస్తారు వాటిని?"

"తొట్టిలో వేసి ఉంచుతానండి. వారం పెరిగితే అవే చెబుతాయి."

"నావి పెరగవు."

"అయితే చెప్పవు," అంది రూతమ్మ, అందులో బాధపడాల్సిందేమీ లేనట్టు.

మధ్యాహ్నానికి మొత్తం అయిపోయింది. ప్రతిదాని కుట్టునూ ఆమె తిప్పుతుంటే నేను లెన్స్‌లో చూశాను. శీతకాలపువి అరవై ఒకటి. రెండోరకం నూట నలభై. మూడో గిన్నెలో పదకొండు. నా వాగు నేను ప్రేమించిన పురుగు రాజ్యం కాదు. అది అక్కడ మరొకరి ఇంట్లో ఒక మూల గదిలో ఉంటోంది. మూడు అధ్యాయాలు మళ్ళీ రాయాలి.

తాతాజీ సెల్‌ఫోన్‌కి గట్టు చివర ఒక్కచోటే సిగ్నల్ అందుతుంది. అక్కడ నిలబడి విశాఖలో ఉన్న మా గైడ్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"ఎవరు చెప్పారమ్మా ఇందుజా నీకు, రెండు రకాలని?"

"ఇక్కడ చేపసీడు ఏరే ఆవిడ సార్."

"జోకా?"

"కాదు సార్. తర్వాత ప్రతిదాన్నీ నేను చూశాను. మడత పక్క నుంచి చూడాలి. నేను ఇన్నాళ్ళూ వెల్లకిలా పెట్టి చూశాను."

"సరే, విను. ఎగ్జామినర్ సీసాలు తెరవడు. పట్టిక చూస్తాడు, సంతకం పెడతాడు. ఈ నెల ఇచ్చెయ్. తర్వాత పేపర్ రాసుకుని అందులో దిద్దుకో."

ఆయన చెడ్డవాడు కాదు. నా మేలు కోరే చెబుతున్నాడు. ఒక నిమిషం పాటు అది చాలా తెలివైన మాటగా వినిపించింది. రద్దు అనే నల్లటి అక్షరాలు కళ్ళ ముందు కదిలాయి. గట్టు అవతల రూతమ్మ నా పదకొండు లార్వాలనూ, పనైపోయినా, మళ్ళీ ఒకసారి పళ్ళెంలో తిప్పి చూస్తోంది.

"నేను తెరిచాను కద సార్," అన్నాను.

"రిజిస్ట్రేషన్ పోతుంది."

"పొడిగింపు అడుగుతూ రేపే రాస్తాను. మీరు సంతకం పెట్టండి. ఇవ్వకపోతే మళ్ళీ చేరతాను."

ఆయన నిట్టూర్చాడు. "పంపు. పెడతాను. ఆ పదకొండింటినైనా ఏదో ఒకదాంట్లో కలుపు. థీసిస్‌లో తెలియదని రాస్తే నవ్వుతారు."

"నవ్వనివ్వండి సార్."

ఫోన్ తాతాజీకి ఇచ్చేశాను. రూతమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "గట్టిగా తిట్టారాండీ?"

"కాస్త."

"పోన్లెండి. తిట్టారంటే మీతో మాట్లాడతారన్నట్టే."

గట్టు మీదే కూర్చుని మూడు సీసాల్లో కొత్త ఆల్కహాల్ పోశాను. లార్వాలున్న సీసాలో చీటీ లోపలే వెయ్యాలి, పెన్నుతో రాస్తే సిరా కరిగిపోతుంది. పెన్సిల్ చెక్కి, మొదటి రెండు చీటీల మీద కుటుంబాల పేర్లూ, వాగు పేరూ, తేదీ రాశాను. మూడో చీటీ మీద చెయ్యి కొంచెంసేపు ఆగింది. ఇరవై ఏళ్ళ చదువులో ఏ జవాబు కాగితం మీదా, ఏ పట్టికలోనూ నేను రాయని మాట. గైడ్ కోసం కాదు, ఎగ్జామినర్ కోసం కాదు, సీసాలో ఉన్న పదకొండింటి కోసం దాన్ని గుండ్రటి అక్షరాలతో రాశాను. "తెలియదు. చూసినవారు: రూతమ్మ, ఇందుజ."

చీటీ ఆల్కహాల్‌లో తడిసి, లార్వాల పక్కకు మెల్లగా దిగింది. మూత బిగించాను.